రిసాలి పాలగుండకు తల్లి ఎవరు

రాయ్‌పూర్ మీదుగా వెళ్ళే బండి విశాఖపట్నంలో రాత్రి ఎనిమిదింటికి. నేను ఆరున్నరకే స్టేషనుకు చేరాను. వాన పడుతూనే ఉంది. ప్లాట్‌ఫారం మీద బెంచీలు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు తిరిగాను. భుజాన బట్టల సంచి, చేతిలో రెండు చెక్కల మధ్య పాత పేపర్లు పేర్చి బెల్టులు బిగించిన కట్ట. మొక్కల్ని అదిమి ఆరబెట్టే ప్రెస్సు అది.

నేను విశాఖలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. దానితోపాటు ఆరేళ్ళుగా పాలగుండ మీద పరిశోధన చేస్తున్నాను. చిన్నప్పుడు కడుపులో బాగోలేకపోతే పాలగుండ జావ తాగనివాళ్ళు మా వైపు తక్కువ. ఆ తెల్లటి పిండి అడవిలో పెరిగే పసుపులాంటి మొక్క దుంప నుంచి వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో దాన్నే తీఖుర్ అంటారు. చిక్కేమిటంటే, ఒకే పేరుతో రెండు మూడు రకాల మొక్కలున్నాయి, ఒకే మొక్కకు నాలుగైదు పేర్లున్నాయి. ఆకునీ పువ్వునీ చూసి ఏది ఏ జాతో తేల్చడం శాస్త్రం చదివినవాళ్ళకూ కష్టమే. అందుకే మాలాంటివాళ్ళం ఆకులోని హరితరేణువుల్లో ఉండే డీఎన్‌ఏను చదువుతాం. దాదాపు లక్షా అరవై వేల అక్షరాలు ఒక దండలా గుండ్రంగా కూర్చి ఉంటాయి. వాటిని పోల్చిచూస్తే ఏ మొక్క ఏ మొక్కకు దగ్గర చుట్టమో, ఏది ఎప్పుడు విడిపోయిందో ఒక వంశవృక్షం గీయవచ్చు.

నేను గీశాను. పాడేరు, సాలూరు, బస్తర్ పాలగుండలన్నీ ఒక కొమ్మ మీదకు వచ్చాయి. భిలాయి నుంచి వచ్చిన ఒక్క ఆకు మాత్రం ఎగిరిపోయి అడవి పసుపు కొమ్మ మీద వాలింది.

"ట్యూబులు మారిపోయుంటాయమ్మా," అన్నారు మా గైడు. "ఆ ఒక్కటీ తీసేసి థీసిస్ ఇచ్చేయండి."

తీసేయడం ఒక్క నిమిషం పని. కానీ ఆయనకు చెప్పని సంగతి నా దగ్గర ఒకటుంది. ఆ ఆకును నూరిన రోజు మధ్యలో కరెంటు పోయింది. ట్యూబుల స్టాండును నేనే వేరే బల్ల మీదకు మార్చాను. భిలాయి ఆకు పక్కనే అడవి పసుపు ఉంది. అవి రెండూ తారుమారై ఉంటే, ఆ రోజు చేసిన మిగతా పన్నెండూ సరిగ్గా ఉన్నాయని ఎవరు చెప్పాలి? నెల రోజులుగా అన్నం తింటున్నా, పాఠం చెబుతున్నా ఆ స్టాండే కళ్ళ ముందు ఉంటోంది. పైగా ఆ ఆకు నేను కోసింది కాదు. భిలాయిలో కాపురం ఉన్న నా పాత విద్యార్థిని పక్కింటి పెరట్లోంచి కోసి పంపింది. ఆమె ఇప్పుడు నాగ్‌పూర్ వెళ్ళిపోయింది. పక్కింటావిడ ఫోన్ నంబరు మాత్రం ఇచ్చింది. పేరు రూతమ్మ, ఇల్లు భిలాయిలోనే రిసాలి అనే పేటలో. మొక్క ఇంకా ఉందో లేదో తెలుసుకోవాలంటే వెళ్ళి చూడవలసిందే.

విజయనగరంలో ఇడ్లీ పొట్లం కొన్నాను. ఈ బండిలో వెళ్ళేవారు ఇక్కడే ఏదైనా కొనుక్కోవడం మంచిది, తరువాత దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎదుటి బెర్తు పెద్దాయన భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. బొబ్బిలిలో పెళ్ళి చూసుకుని తిరిగి వెళుతున్నారు. నా ప్రెస్సు కేసి చాలాసేపు చూశారు.

"ఏటమ్మా అది, క్యారమ్ బోర్డా?"

నవ్వొచ్చింది. విషయం చెప్పాను. చాలా మొక్కల్లో హరితరేణువు తల్లి వైపు నుంచే పిల్లకు వస్తుందని, మనకు తండ్రి నుంచి ఇంటిపేరు వచ్చినట్టేనని అన్నాను.

"అయితే మా మనవలికి ఇంటిపేరు మాది, ముక్కులు మాత్రం కోడలి వైపు బొబ్బిలోళ్ళవి," అన్నారాయన. "ఇంటిపేరొక్కటి సూసి మనిషిని పోల్చగలమేటి?"

ఆ మాటను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. బెర్తు ఎక్కి పడుకున్నాను. బండి ఆగిన ప్రతిచోటా మెలకువ వచ్చింది.

మహాసముంద్ దాటేసరికి తెల్లవారింది. రాయ్‌పూర్‌లో తొమ్మిదింటికి దిగి, స్టేషను బయట నిలబడి అటుకుల పోహా తిని, దుర్గ్ లోకల్ ఎక్కాను. నిలబడే చోటు దొరికింది. భిలాయి నగర్‌లో దిగేటప్పటికి పదకొండు కావస్తోంది. రిసాలికి షేర్ ఆటోలున్నాయి. వెనక సీట్లో నలుగురం సర్దుకున్నాక నా ప్రెస్సుకు చోటు లేకపోయింది. డ్రైవరు దాన్ని తన పక్కన నిలబెట్టి, "మేడమ్, యే భీ సవారీ హై," అని నవ్వాడు. అదీ ఒక ప్రయాణికుడేనని దానికి కూడా ఒక సీటు డబ్బులు తీసుకున్నాడు.

రూతమ్మ గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. భర్త చరోదా రైల్వే యార్డులో పనిచేసేవారట. ఆయన రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. గేటు తీస్తూనే, "వచ్చినావా తల్లీ, తిన్నావేటి?" అన్నారు. నేను మాట తప్పించి, "మొక్క ఏది ఆంటీ?" అన్నాను. మర్యాద కాదని తెలుసు. ఆగలేకపోయాను.

ఆవిడ పెరట్లోకి తీసుకెళ్ళారు. పెరడంతా సిమెంటు. పైన రేకులు, కింద అల్లుడి కారు.

"వేసవిలో వేయించినారు," అన్నారు. "నాను సెప్పినాను, దుంపలు తీసుకుంటాను ఆగండర్రా అని. నాను పార్థనకి ఎల్లొచ్చేసరికి పోసేసినారు."

అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక స్టీలు గిన్నెలో వేడివేడి జావ తెచ్చి చేతిలో పెట్టారు. పోయిన శీతాకాలం తీసిన పిండి డబ్బా కూడా తెచ్చి చూపించారు. మంచి తెలుపు. దుంపను తురిమి, నీళ్ళలో కలిపి, పిండి అడుక్కి దిగాక పైనీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోయాలి. చేదు పోయేదాకా అలా చెయ్యాలి.

"మామూలు పాలగుండకి ఐదు నీళ్ళు సాలు. నా పెరట్లో రెండు రకాలుండేవి. ఒక దానికి ఏడు నీళ్ళు పోయాల. ఐనా పిండి ఎక్కువ వస్తాది."

గిన్నె పక్కన పెట్టేశాను. "రెండు రకాలా? పోయినేడు ఆ అమ్మాయికి ఏ దాని ఆకు ఇచ్చారు?"

"అదే కోసుకుంది. ఏది కోసిందో..." అని ఆగారు. కాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, తల అడ్డంగా ఊపారు.

"ఆ రెండో రకం ఇంకెక్కడైనా ఉందా ఆంటీ?"

ఆవిడ పిండి డబ్బాకు మూత బిగించారు. "ఉంది. మా ఆడపడుచు నారాయణమ్మ కాడుంది. వైశాలి నగర్. సగం తవ్వి పట్టుకెళిపోనాది. నా మొక్కే." ఫోన్ నంబరు అడిగితే, గోడకున్న క్యాలెండరు వెనక రాసి ఉన్న అంకెలు చూపించారు. "నువ్వే సెయ్యి. మా ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదేళ్ళయింది."

మధ్యాహ్నం పవర్ హౌస్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది గానీ కిటికీ తలుపు పడదు. స్నానం చేసి, అన్నం సగం తిని, ఫోన్ చేసి అడ్రసు కనుక్కుని, మళ్ళీ ఆటో ఎక్కాను. రైలు పట్టాలకు అవతలి వైపు వైశాలి నగర్. నారాయణమ్మ గారు కొడుకు ఇంట్లో మూడో అంతస్తులో ఉంటారు. వదిన కన్నా నాలుగైదేళ్ళు చిన్న. నుదుట పెద్ద బొట్టు. నేను రూతమ్మ గారి పేరు ఎత్తగానే ముఖం బిగుసుకుంది.

"ఆవిడ మొక్కనీసి సెప్పిందా? అది నాది. మా నాలీ, అదే మురుక్కాలవ, గట్టు మీద మొలిచినాది. మనసొప్పక సగమే తెచ్చుకున్నాను, మొత్తం తేవాల్సింది."

ఇక్కడ మట్టి లేదు కాబట్టి మొక్కలు హథ్‌ఖోజ్‌లో కొడుకు షెడ్డు వెనక వేశారట. ఈవేళ కుదరదు, రేపు పొద్దున్న పదింటికి రమ్మన్నారు. మొక్కలు బతికే ఉన్నాయా అని రెండుసార్లు అడిగాను. "నా సేతి మొక్కలు సచ్చిపోవు," అన్నారు. లాడ్జికి తిరిగివచ్చి, గదిలో ఉండలేక, చీకటిపడేదాకా బజారులో ఊరికే తిరిగాను.

మర్నాడు గది ఖాళీ చేసి, సంచితో సహా తొమ్మిదింటికే హథ్‌ఖోజ్‌లో ఉన్నాను. రోడ్డుకు రెండు వైపులా చిన్న చిన్న ఇంజనీరింగు షెడ్లు. లారీలు, బురద, ఇనుము కోస్తున్న చప్పుడు. ఎదుటి మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. నారాయణమ్మ గారు కొడుకు స్కూటరు మీద పదింబావుకు వచ్చారు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఇనప ముక్కల గుట్ట పక్కనుంచి నన్ను షెడ్డు వెనక్కి నడిపించారు.

గోడ వారన మూడు దుబ్బులు. వానకు కడిగినట్టు పచ్చగా ఉన్నాయి. ఆవిడ మూడింటి నుంచీ ఒక్కో దుంప తవ్వి తీసి, కత్తిపీట ముందేసుకుని అడ్డంగా కోసి వరసగా పెట్టారు. మొదటిది పాలగుండ, లోపల తెలుపు. రెండోది అడవి పసుపు, లోపల పసుపు. మూడోది పాలగుండలాగే తెల్లగా ఉంది, కానీ మధ్యలో దారంలా సన్నటి పసుపు గీత గుండ్రంగా తిరిగి ఉంది. మూడో దాని ఆకులు, పైన గులాబీ రంగు దిగిన పూకంకి, అన్నీ పాలగుండవే. దుంప కోయకపోతే నేను కూడా దానికి పాలగుండ అనే పేరు రాసుకుని వెళ్ళిపోయేదాన్ని.

"దీన్ని ఎవరు నాటారు?" అని అరిచాను, చప్పుడులో వినపడేలా.

"ఎవులూ నాటలేదు. చరోదాలో మావీ మా అన్నయ్యోళ్ళవీ పక్కపక్క క్వార్టర్లు. మధ్యన నాలీ. అటు వదిన పాలగుండ, ఇటు నాను సాలూరు నుంచి తెచ్చుకున్న అడవి పసుపు. ఒక వానల్లో గట్టు మీద ఇది దానంతటదే మొలిచినాది."

అంటే విత్తు మొలక. రెండు రకాలు కలిసి పుట్టిన మొక్క. దీని హరితరేణువు అడవి పసుపుది అయితే, తల్లి అడవి పసుపు. ట్యూబులు మారలేదు, నేను తప్పు చేయలేదు. కానీ ఒక్క ముడి మిగిలింది. నా విద్యార్థిని కోసిన ఆకు ఈ మూడో దానిదేనా? రూతమ్మ గారికి ఫోన్ చేశాను. చప్పుడుకు వినపడక స్పీకరు పెట్టాను.

"ఆంటీ, హథ్‌ఖోజ్ నుంచి మాట్లాడుతున్నాను. పోయినేడు ఆ అమ్మాయి ఆకు ఏ వైపు కోసిందో గుర్తొచ్చిందా?"

"రాత్రంతా అదే ఆలోసించినాను. బాత్రూము గోడ కాడ వంగి కోసినాది, కాలికి జెర్రి తగిలి అరిసినాది కూడా. పక్కా. ఆ గోడ కాడుండేది ఏడు నీళ్ళదే."

"ఏడు కాదు, తొమ్మిది!" అన్నారు నా వెనక నుంచి నారాయణమ్మ గారు.

ఫోన్‌లో రూతమ్మ గారు గట్టిగా అడిగారు.

"ఎవులది ఆ గొంతు?"

"నానే, వదినా."

లోపల ఎవరో మిషను ఆపారు. నేను ఫోన్‌ను నారాయణమ్మ గారి వైపు చాపాను.

"తొమ్మిది నీళ్ళు పోస్తే పిండేటి మిగుల్తాదే? అంతా కాలువలోకే," అన్నారు రూతమ్మ గారు చివరకు.

"ఏడుకి సేదు పోదు వదినా. నువ్వు నాలిక మీదేసుకోవు, అందుకే తెలీదు."

"సరేలే. ఆ మేడమ్మ ఏటంటాది? అది ఎవులదని తేలినాది?"

ఇద్దరూ నా జవాబు కోసం ఆగారు. అబద్ధం చెప్పలేను. దానికి తల్లి నారాయణమ్మ గారి అడవి పసుపు అయి ఉండాలన్నాను.

"మతలబ్, ఆళ్ళదే అన్నమాట. నాదేటీ కాదు," అన్నారు రూతమ్మ గారు. గొంతు చిన్నబోయింది.

అప్పుడే నాకు తెలిసింది, ఆరేళ్ళుగా నేను గీస్తున్న వంశవృక్షం కూడా ఇలాగే సగం మాట చెబుతోందని. "కాదాంటీ," అన్నాను. "హరితరేణువు తల్లిని మాత్రమే చూపిస్తుంది. తండ్రి సంగతి దానికి తెలియదు. ఆ ఆకు తీరు, తెల్లటి దుంప, ఆ పువ్వు మీ పాలగుండ వైపు నుంచే వచ్చి ఉంటాయి. అది తేలాలంటే వేరే జన్యువులు చూడాలి. ఇంకా చూడలేదు. చూసి చెబుతాను."

"తేలినాక సెప్పు తల్లీ," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

నారాయణమ్మ గారు గెలిచినట్టు కనిపించలేదు. కత్తిపీట కడుగుతూ తల ఎత్తకుండా అన్నారు. "గొడవ మొక్క కాడ కాదమ్మా. మా అన్నయ్య వదినని సేసుకుని ఆళ్ళ మతంలో కలిసినాడు. పోయినప్పుడు మట్టిలో పెడతామన్నారు. మనోళ్ళని కాల్చాల గదా అని నాను అడ్డం పడినాను. వదిన మనిషిని పంపించినాది, వచ్చి గుప్పెడు మట్టి వెయ్యమని. నాను ఎల్లలేదు." కత్తిపీట మీద మళ్ళీ నీళ్ళు పోసి, "సొంత అన్నయ్య," అన్నారు.

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి లేచారు. ఆకులు కోసి తెచ్చి నా ముందు పెట్టారు. మూడు రకాల ఆకుల్ని ముక్కలు చేసి, తేమ పీల్చే సిలికా గుళికల పొట్లాల్లో వేశాను. ప్రతి పొట్లం మీదా నా చేత్తో రెండుసార్లు పేరు రాశాను. మూడో దుబ్బులోంచి ఒక మొక్కను దుంపతో సహా పేపర్ల మధ్య పరిచి బెల్టులు బిగించాను. వస్తుంటే నారాయణమ్మ గారు ఒక దుంప గుడ్డలో చుట్టి ఇచ్చారు, మీ ఇంట్లో కూడా వేసుకోమని.

ఒంటిగంటకు భిలాయి త్రీ స్టేషనులో లోకల్ ఎక్కాను. హథ్‌ఖోజ్ నుంచి వెనక్కి పవర్ హౌస్ దాకా వెళ్ళనక్కర్లేదు, ఇదే దగ్గర. విశాఖ బండి రాయ్‌పూర్‌లో సాయంత్రం. మధ్యలో ఖాళీ నాలుగు గంటలు. వెయిటింగు హాల్లో కూర్చుని మా గైడుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. కరెంటు పోయిన సంగతీ, స్టాండు మార్చిన సంగతీ కూడా.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను సార్."

ఆయన నెమ్మదిగా అన్నారు. "ఆ రోజు చేసినవన్నీ మళ్ళీ చేయండి. ఒక్క హరితరేణువు మీద చెట్టు గీయడం కూడా ఇక కుదరదు. కేంద్రకంలోని జన్యువులు కూడా చదవాలి. ఇంకో ఏడాది పడుతుంది, తెలుసుగా?"

తెలుసు. ఇది రాస్తున్న నాటికి ఆ పని సగం అయింది. కొత్త ఆకు పాత ఆకు చెప్పిందే చెప్పింది. ట్యూబులు మారలేదు. కేంద్రకం జన్యువుల్లో పాలగుండవీ, అడవి పసుపువీ రెండూ పక్కపక్కనే కనిపించాయి. నేను పాలగుండ అని రాసుకున్న వేరేచోట్ల మొక్కల్లో ఇంకెన్ని ఇలాంటివో ఇప్పుడు మళ్ళీ మొదటినుంచీ చూస్తున్నాను. థీసిస్ ఇంకా ఇవ్వలేదు.

కానీ ఆ సాయంత్రం బండి ఎక్కేటప్పటికి ఇవేవీ నాకు తెలియవు. పొట్లాలు తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి కిటికీలో తెల్లటి వెలుగు, పార్వతీపురం దాటిన కొండలు, వరిచేలు. గట్ల మీద కనిపించిన ప్రతి దుబ్బునూ ఇది ఏదై ఉంటుందా అని చూస్తూ కూర్చున్నాను. ఇదివరకు ఈ దారిన ఎన్నిసార్లు వచ్చినా వాటి పేర్లు నాకు తెలుసనే అనుకునేదాన్ని.

విజయనగరం వస్తుండగా ఫోన్ మోగింది. రూతమ్మ గారు.

"బండి దిగినావేటి తల్లీ?"

"ఇంకా లేదాంటీ. గంటలో దిగుతాను. పరీక్ష చేసి చెబుతానన్నాను కదా, దానికి చాలా రోజులు పడుతుంది."

"దానికోసం కాదు." ఆవిడ గొంతు తగ్గించారు, ఇంట్లో ఎవరికీ వినపడకూడదన్నట్టు. "ఆదివారం ఆరాధన అయినాక కాళీగుంటాను. ఆ హథ్‌ఖోజ్‌కి ఎలా ఎల్లాలి? ఎన్ని ఆటోలు మారాల?"

యాభై ఏళ్ళుగా భిలాయిలో ఉన్న మనిషికి, రెండు రోజులు ఉండివచ్చిన నేను దారి చెప్పాను. రిసాలి నుంచి పవర్ హౌస్ దాకా ఒక ఆటో, అక్కడ దిగి పట్టాలు దాటాలి, అవతల హథ్‌ఖోజ్ ఆటోలు ఆగి ఉంటాయి, మధ్యాహ్నం అయితే తక్కువ, ఆరాధన అవగానే బయల్దేరాలి.

"ఉండుండు," అన్నారావిడ. "కళ్ళజోడు పెట్టుకుంటాను. మళ్ళీ మొదట్నుంచీ సెప్పు, రాసుకుంటాను."